పదకొండు పైపుల నేల

హనుమాన్ జంక్షన్

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగేసరికి నా సంచిలో పదకొండు నేలల బొమ్మలున్నాయి.

మనిషి తలకు తీసే సీటీ స్కాన్ మట్టికీ తీయవచ్చు. నేలలోంచి పైపుతో నిలువుగా తీసిన మట్టిని యంత్రంలో పెడితే, ఎక్స్ కిరణాలు దాని లోపలి భాగాన్ని పొరలు పొరలుగా చూపిస్తాయి. గట్టిగా ఉన్న చోటు తెల్లగానూ, ఖాళీగా ఉన్న చోటు నల్లగానూ కనిపిస్తుంది. వేరు దిగిన దారి, వానపాము తొలిచిన సొరంగం, నీరు ఇంకే సందు, అన్నీ ఆ నలుపులోనే తెలుస్తాయి. హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే.

నా సంచిలోని బొమ్మల్లో నలుపు దాదాపుగా లేదు. నూజివీడు చుట్టుపక్కల పదకొండు మామిడి తోటల నుంచి ఏప్రిల్‌లో మాకు ఆ పైపులు వచ్చాయి. కాపు తగ్గిపోతోంది, కారణం చెప్పమన్నారు. పదకొండింటిలోనూ మట్టి బిగిసిపోయి ఉంది. పైగా నాలుగేసి వేళ్ళ ఎడంలో ఒక్కొక్క తెల్లని అడ్డుపట్టీ. "ఈ నేలలో వేరు కిందికి దిగదు. ఈ చెట్లు కోలుకునే అవకాశం లేదు" అని పదకొండు నివేదికలు రాసి సంతకం చేశాను. ఒక ప్రాంతమంతటా నేల ఇలా ఒకే తీరుగా బిగుసుకుపోవడం అరుదు కనుక, దానిమీద ఒక వ్యాసం రాయదలిచాను. రాసే ముందు ఆ నేలను స్వయంగా చూడాలనుకున్నాను. ఎవరు ఏ మాట చెప్పినా ఆధారం అడగడం నా అలవాటు. మా ఇంట్లో దీన్ని జబ్బు అంటారు.

జంక్షన్‌లో లారీల రొద మధ్య ఒక పండ్ల బండి దగ్గర ఆగాను. చిన్నరసాలు డజను నూట యాభై అంది బండావిడ. మా ఊళ్ళో తూకం, ఇక్కడ లెక్క.

"ఇవి నూజివీడు రసాలేనని ఏమిటి నమ్మకం?" అన్నాను.

"తినండి. కాకపోతే డబ్బులివ్వకండి. నోటికన్నా సాక్ష్యం ఏముంటదండీ?"

తిన్నాను. డబ్బులిచ్చాను. సంచిలో పద్నాలుగు పండ్లు వేసింది. రెండెక్కువ వేశావంటే, "కొసరండీ. లెక్కకి సరిగ్గా ఇచ్చి పంపిస్తే మీరు మళ్ళీ నా మొహం చూస్తారేంటి?" అని నవ్వింది. రెండో పండు కొరుకుతుంటే రసం చిమ్మి నేరుగా బొమ్మల కవరు మీద పడింది. రుమాలుతో తుడిచినకొద్దీ పసుపు మరక పెద్దదైంది.

నూజివీడు

శేషగిరిరావు గారు నూజివీడులో మామిడి వ్యాపారి. చుట్టుపక్కల తోటల కాపును పూత మీదే గుత్తకు తీసుకుని, కాయ దిగాక లారీలకెక్కిస్తారు. తన గుత్త తోటల్లో కాపు ఏటేటా తగ్గుతుంటే, రైతులను ఒప్పించి, ఖర్చు తానే పెట్టుకుని, ఆ పైపులు మాకు పంపింది ఆయనే. వరిగడ్డి పరచిన కొట్లో, కలెక్టరు మామిడికాయల రాశుల మధ్య నాకు కుర్చీ వేయించి, ఎదుటి హోటల్నుంచి పెసరట్టు తెప్పించారు. పొట్టుతోనే రుబ్బిన పిండి, లోపల ఉప్మా, పక్కన కళ్ళనీళ్ళు తెప్పించే అల్లం పచ్చడి. హైదరాబాదులో ఇదే పేరుతో నేను తింటున్నది మరేదో అని తేలింది.

"మీ బొమ్మలు చూసి అందరూ ఠక్కున నమ్మేశారు మేడమ్ గారూ" అన్నారాయన సంతోషంగా. "పదేళ్ళనుంచి నేనేం చెప్పినా చెవినెక్కని మనుషులు. తెల్లటి గీతలు కనపడేసరికి నోరెత్తలేదు. రెడ్డిగూడెం కోటయ్య గారైతే వారంలో కొట్టించేశారు."

"ఏం కొట్టించారు?"

"చెట్లేనండీ! కోలుకోవని మీరే రాశారుగా. ఆ చోట పామాయిల్ పెట్టేశారు కూడా. చాట్రాయి రామ్మోహనరావు గారు ఎల్లుండి మొదలెడుతున్నారు. మన పక్కనే నాంచారమ్మా వాళ్ళవి నిన్న మొదలైనాయి."

పెసరట్టు ముక్క చేతిలోనే ఉండిపోయింది. అలాంటి వాక్యాలు నా ఉద్యోగంలో ఎన్నో రాశాను. ఆ వాక్యం చివర ఒక రంపం ఉంటుందని ఏనాడూ ఆలోచించలేదు. అయినా అప్పటికి నన్ను తాకింది విచారమే. వాక్యం తప్పేమోనన్న అనుమానం మాత్రం నాకు రాలేదు.

నాంచారమ్మ తోట

వీరాస్వామి, నాంచారమ్మ భార్యాభర్తలు. సీజనులో ఇతరుల తోటల్లో కాయ కోస్తారు, ఊడ్పులకు పల్లపు పొలాలకు కూలికి వెళతారు. వాళ్ళకు సొంతమన్నది ఎకరన్నర నేల, అందులో ముప్పై ఒక్క రసాల చెట్లు. మేం వెళ్ళేసరికి తొమ్మిది నేలమీదున్నాయి. మొదళ్ళను కూడా యంత్రంతో పెకలించారు. తడి రంపపుపొట్టు వాసన, మామిడి జీడి వాసన కలిసి గొంతు పట్టుకుంటున్నాయి. పదో చెట్టుకు తాళ్ళు కడుతున్నారు.

బిగిసిపోయిన పొరను కళ్ళారా చూద్దామని ఒక మొదలు లేచిన గోతిలోకి దిగాను. నడుము లోతుంది. గోతి గోడను వేలితో గీశాను. ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది. నేల గట్టిదనాన్ని కొలిచే స్ప్రింగు పుల్ల ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. గుచ్చితే పిండిలోకి దిగినట్టు దిగింది. గోడ నిండా వానపాముల బెజ్జాలు. తెగిన చెట్టు వేళ్ళు నా మోకాళ్ళ కిందికి కూడా వెళ్ళాయి.

చోటు తప్పై ఉంటుందనుకుని రెండో గోతిలోకి దిగాను. అక్కడా అంతే. మూడో గోతిలోకీ దిగి పుల్ల గుచ్చాను. నా బొమ్మలోని నేల ఈ తోటలో ఎక్కడా లేదు.

"ఇక్కడ పైపులో మట్టి ఎవరు తీశారు?" అని అడిగాను.

"నేనేనండీ" అంది నాంచారమ్మ. యాభై ఏళ్ళ మనిషి. ఆ ఒక్క మాటలో గర్వం దాచుకోలేదు.

"ఎలా తీశారో మళ్ళీ ఒకసారి చేసి చూపిస్తారా?"

మిగిలిపోయిన పైపు ఒకటి ఇంట్లో ఉంటే తెచ్చారు. వీరాస్వామి దాన్ని నేలమీద నిలబెట్టి, చెక్క అడ్డుపెట్టి సమ్మెటతో దింపాడు. పైకి లాగగానే సగం మట్టి జారి కింద పోసినట్టు పడింది.

"చూశారుగా, ఇట్టా జారిపోద్దండీ" అంది నాంచారమ్మ. జారిన మట్టిని గోనెపట్టా మీద పోసింది. గడ్డలు చిదిపింది. వేళ్ళముక్కలు, గడ్డిపరకలు ఏరి పారేసింది. "చెత్తతో పంపితే బాగోదు కదండీ." తరువాత పైపు అడుగున మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని, గుప్పెడు మట్టి పోసి రోకలితో దంచింది. మళ్ళీ గుప్పెడు, మళ్ళీ దంచుడు. నిండాక అంచు కొంగుతో తుడిచి, శుభ్రమైన గుడ్డ కప్పి పురికొస చుట్టింది.

"ఎందుకు దంచారు నాంచారమ్మ గారూ?"

"అదేంటమ్మగారూ! మీరు ఆవకాయ పెట్టరా? జాడీలో కూరేటప్పుడు సందు వదిలితే బూజు పట్టదూ? అంత దూరం పోయే సరుకు, లొడలొడలాడతా పంపిస్తామా?"

"మా ఆవిడ కూరిన జాడీ ఏడాదికి కూడా చెక్కు చెదరదండీ" అన్నాడు వీరాస్వామి. "జాడీలు కూరేటప్పుడు ఊరంతా దీన్నే పిలుస్తారు. నాకేమో ఆ నెలంతా చల్లన్నమే."

"ఊరుకోవయ్యా, మేడమ్ గారి ముందు" అంది ఆవిడ.

నేను నవ్వలేకపోయాను. "మీ తోటదొక్కటేనా మీరు నింపింది?"

"ఒక్కటేంటండీ, పదకొండూ నేనే. మిగతావాళ్ళు వదులు వదులుగా నింపుతున్నారని షావుకారు గారు నన్ను ఆటోలో తిప్పారు."

శేషగిరిరావు గారు అవునన్నట్టు తల ఊపారు.

ఆ మాట విన్నాక నేను గోతి గట్టున కూర్చుని సంచిలోంచి బొమ్మలు తీశాను. బొమ్మల్లోని తెల్లని పట్టీలు రోకలి దెబ్బలు. వాటి మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఆవిడ గుప్పెడు. పదకొండు తోటల నేల ఒకే తీరుగా ఉండడం చూసి అపురూపమైన సత్యం దొరికిందని మురిసిపోయాను. ఆ ఒకే తీరు ఒక మనిషి చేతిది. సాంద్రత లెక్కలో నేను ఒక్క అంకె తప్పలేదు. లెక్కించిన నేల మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. జారిపోయేంత గుల్లగా ఉంది కనుకనే ఆవిడ దాన్ని దంచవలసి వచ్చింది. మామిడి తోట మట్టిలో ఒక్క వేరుపోగైనా కనిపించనప్పుడే నాకు అనుమానం రావలసింది. అందరి మాటకూ ఆధారం అడిగే నేను, నా ముందున్న పైపును ఏమీ అడగలేదు.

పైపుతో పాటు పంపే సూచనల కాగితం రాసిందీ నేనే. "పైపు నిండుగా ఉండాలి" అన్నది పైన, పెద్ద అక్షరాల్లో. "మట్టి కదలరాదు" అన్నది చివర, చిన్న అక్షరాల్లో. చదువురాని నాంచారమ్మకు శేషగిరిరావు గారు పెద్ద అక్షరాలు చదివి వినిపించారు.

జరిగింది చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. వీరాస్వామి తాళ్ళు కడుతున్నవాళ్ళ వైపు పరుగెత్తి, "ఆపండయ్యా! ఆపండి!" అని అరిచాడు. నాంచారమ్మ చేతిలోని పైపు వైపే చూస్తోంది.

"అయితే మా చెట్లు నా రోకలి మూలాన పోయినాయా అమ్మగారూ?"

"కాదు. నా సంతకం మూలాన."

ఆవిడ నమ్మినట్టు లేదు. పడిపోయిన కొమ్మల్లో చేతికందిన ఒకదాన్ని పట్టుకుని, ఆకులకు అంటిన మట్టి దులపడం మొదలుపెట్టింది. పడిన చెట్టుకు అదెందుకని ఎవరూ అనలేదు.

స్కాన్ గది

మిగతా పదిమందికి చెప్పాలంటే నా జేబులోని పుల్ల చాలదు. అదే తోటలో మళ్ళీ పైపు తీశాం, ఈసారి మట్టి కదలకుండా. చుట్టూ తవ్వి, మట్టిని స్తంభంలా చెక్కి, దానికి పైపు తొడిగి, అడుగున కత్తితో కోయాలి. మొదటిది నా చేతిలోనే కూలింది. రెండోది దక్కింది. తడి తువ్వాలులో చుట్టి నాంచారమ్మ ఒళ్ళో పెట్టుకుంది. దారిలో గుంత వచ్చి ఆటో ఎగిరినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది.

నూజివీడులోని ఒక స్కాన్ సెంటర్లో టెక్నీషియన్ మా మాట విని ముందు నవ్వాడు, తరువాత మమ్మల్ని పేషెంట్ల వరుసలో కూర్చోబెట్టాడు. మా వంతు వచ్చింది.

"పేషెంటు పేరు?"

"మట్టండీ" అన్నాను.

"ఇంటిపేరు?" అని, నేను తెల్లమొహం వేస్తే, "పేరు కొట్టకపోతే మిషను కదలదండీ, నేనేం చెయ్యను?" అన్నాడు.

"నా పేరు రాయి బాబూ" అంది నాంచారమ్మ. "నాంచారమ్మ, యాభై ఏళ్ళు."

"కంప్లయింటు?"

"లోపల బిగుసుకుపోయిందని అనుమానం" అన్నాను.

"మట్టయినా ఫీజు మాత్రం మనిషి ఫీజేనండీ, ముందే చెప్తున్నా." ఆ మాట నిలబెట్టుకున్నాడు, మూడు వేలు తీసుకున్నాడు.

తెర మీద బొమ్మ వచ్చింది. తెల్లని పట్టీ ఒక్కటీ లేదు. పైనుంచి కిందికి నల్లని దారులు, చీలి, మళ్ళీ చీలి, సన్నబడి, మట్టి నిండా అల్లుకుని ఉన్నాయి. "అబ్బ! మనిషి ఊపిరితిత్తుల్లా ఉందేంటండీ" అన్నాడు టెక్నీషియన్. మా ప్రయోగశాల యంత్రమంత నిశితమైనది కాకపోయినా, ఈ ప్రశ్నకు అది చాలు.

మరి కాపు ఎందుకు తగ్గింది? కొట్టిన మొదళ్ళలో పురుగు తొలిచినట్టు వేలుపట్టేంత బెజ్జాలు చూశాను. అదే కారణమని నోటిదాకా వచ్చింది. ఆ రోజుకు నేను తేల్చిన కారణాలు చాలుననిపించి, చెట్ల పురుగుల సంగతి తెలిసినవారికి చూపించమని మాత్రం చెప్పాను. శేషగిరిరావు గారు కొట్లో కూర్చుని ఫోన్లు చేశారు. తొమ్మిది మంది పలికారు. ఇద్దరు అప్పటికే కొట్టించారు, ఆరుగురు ఆగుతామన్నారు. రామ్మోహనరావు గారు ఫోనులో నవ్వేశారు. కోటయ్య గారు ఫోను ఎత్తలేదు.

చాట్రాయి

మరునాడు ఉదయం శేషగిరిరావు గారి కారులో చాట్రాయి వెళ్ళాం. నాంచారమ్మ తానే వస్తానంది. దారికి అటూ ఇటూ తోటలే. ప్రతి తోటలోనూ రంపం చప్పుడు వినిపిస్తోందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

రామ్మోహనరావు గారికి అరవై ఏళ్ళుంటాయి. నేను పంపిన బొమ్మకు ఫ్రేము కట్టించి ముందుగదిలో గోడకు తగిలించారు. మజ్జిగ ఇచ్చి, నేను చెప్పినదంతా ఓపిగ్గా విన్నారు.

"కింద సంతకం మీదేనా కాదాండీ?"

"నాదే."

"అయితే అప్పుడు నిజం, ఇప్పుడు అబద్ధమా?"

"అప్పుడు తప్పు. బొమ్మ పైపులో ఉన్నదే చూపించింది. మీ నేలలో ఉన్నది కాదు." కొత్త బొమ్మ ముందు పెట్టాను.

ఆయన రెండింటినీ పక్కపక్కన చూసి, "ఇది వేరేవాళ్ళ తోటది. నాది ఇదీ" అని గోడ వైపు వేలు చూపించారు.

"నేనే దంచానండీ, నా చేతుల్తో" అంది నాంచారమ్మ.

"ఊరుకో అమ్మా. కోట్లు ఖరీదు చేసే మిషను. నీ రోకలికి మోసపోద్దా?" అని ఆయన పెద్దగా నవ్వారు. "రేపు పొద్దున్నే రంపం మిషను వస్తుంది. మాటిచ్చేశా."

ఆయన తప్పు పట్టడానికి లేకుండా వాదించారు. ఒకప్పుడు నేను నేర్పిన నమ్మకమే అది. నా నోటి మాట కంటే నా సంతకం బలమైనదని అక్కడ తెలిసింది.

రెడ్డిగూడెం

కోటయ్య గారి తోట ఉండవలసిన చోట బయలు ఉంది. యంత్రంతో మొదళ్ళు పెకలించి, లోతుగా తిరగదున్ని, చదును చేశారు. వరుసల్లో పామాయిల్ మొక్కలు, ఒక్కొక్కటీ మోకాలెత్తు. ఆ ఎండలో నీడ అన్నది ఎక్కడా లేదు. ఆయన చొక్కా లేకుండా, భుజాన తువ్వాలుతో, నీటి పైపు లాగుతున్నారు.

ఇక్కడ చెప్పడం అన్నిచోట్లకన్నా కష్టమైంది. సగంలోనే ఆయన నీళ్ళు ఆపేశారు. పూర్తయ్యాక పైపు చుట్టచుట్టి పక్కన పెట్టారు.

"ముప్పై ఎనిమిది చెట్లండీ" అన్నారు. "మా నాన్న పెట్టినవి. ఇప్పుడు ఈ మాట నాకెందుకు చెప్పారు?"

"మీకు తెలియాలని."

"తెలిసి ఏం చెయ్యను?"

నాంచారమ్మ ముందుకు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర వంగబోయింది. ఆయన వెనక్కి జరిగి, "నువ్వేం చేశావమ్మా? నింపమన్నారు, నింపావు" అన్నారు. అప్పుడు శేషగిరిరావు గారి వైపు తిరిగారు. "ఇంకా కొట్టేవి ఎవరివి ఉన్నాయి?"

"చాట్రాయి రామ్మోహనరావు గారివి. ఆయన మా మాట నమ్మట్లేదు. రేపే కొట్టిస్తారంట."

కోటయ్య గారు షెడ్డులోకి వెళ్ళి చొక్కా తొడుక్కుని, ఒక గునపం పట్టుకుని వచ్చారు. "పదండి" అన్నారు.

మళ్ళీ చాట్రాయి

"ఏంటి బావా, ఈ వేళప్పుడు ఇటొచ్చావ్?" అన్నారు రామ్మోహనరావు గారు వాకిట్లోనే. ఇద్దరిదీ పాత స్నేహమని కారులో తెలిసింది.

కోటయ్య గారు బొమ్మ ఊసెత్తలేదు. గోడ వైపు చూడనే లేదు. నేరుగా తోటలోకి నడిచి, ఒక పెద్దరసం చెట్టు కొమ్మల అంచు కింద గునపం వేశారు. నాలుగైదు పోట్లకే నేల విచ్చుకుంది. మోకాలి లోతు అయ్యాక, గునపం పారేసి, "ఇటు రా. కూర్చో. గుంట గోడలో చెయ్యి పెట్టు" అన్నారు.

"ఏంటి బావా ఇది..."

"పెట్టమన్నానా."

రామ్మోహనరావు గారు కూర్చుని, గోతి గోడలోకి వేళ్ళు గుచ్చారు. వేళ్ళు వెళ్ళాయి. అరచెయ్యి వెళ్ళింది. మణికట్టు దాకా మట్టిలో మునిగింది. ఆయన ముఖంలోని నవ్వు కొంచెం కొంచెంగా పోవడం చూశాను. చెయ్యి బయటికి తీసి, మళ్ళీ ఇంకోచోట పెట్టారు. మూడోసారి కూడా పెట్టారు. నిన్న నేనూ అంతే, మూడు గోతుల్లోకి దిగాను.

"నావి పోయినాయి" అన్నారు కోటయ్య గారు. "నువ్వు ఆగు."

రామ్మోహనరావు గారు మట్టి చేత్తోనే ఫోను తీసి, రంపం మిషను మనిషికి రేపు రావద్దని చెబుతూ ఇంటివైపు నడిచారు. అవతలి మనిషి గొడవపడుతున్నట్టుంది. ఆయన గొంతు పెరుగుతూ దూరమైంది. శేషగిరిరావు గారు, నాంచారమ్మ ఆయన వెంట వెళ్ళారు.

కోటయ్య గారు కదలలేదు. గోతి పక్కనే కూర్చుని, తన చెయ్యి లోపల పెట్టారు. మోచేతి దాకా పెట్టి, అలాగే ఉంచారు.

"నాదీ ఇలాగే ఉండేదంటారా?" అని అడిగారు.

ఉండేదని చెప్పాలనిపించింది. ఉండేది కాదని చెప్పాలని అంతకంటే ఎక్కువగా అనిపించింది. ఆ మాటతో ఆయనకు నిద్ర పట్టవచ్చు. కానీ ఆయన నేలను యంత్రం తిరగేసింది. నా దగ్గరికి వచ్చిన పైపు రోకలి దెబ్బలు తిన్నది. ఆ ముప్పై ఎనిమిది చెట్ల కింద ఏముండేదో చూడడానికి ఇప్పుడు ఏ యంత్రమూ, ఏ చెయ్యీ పనికిరావు.

"తెలియదండీ" అన్నాను. "ఇక తెలుసుకోవడానికీ లేదు."

ఆయన తల ఊపారు. చెయ్యి మాత్రం బయటికి తీయలేదు.